కడిగినా పోనిది

గిన్నె కడగడం వేరు, గౌసియా బేగం ముక్కు దగ్గర పాసవడం వేరు. జనగామలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే నజియాకు ఈ సంగతి తెలిసొచ్చింది. చేపలు వండిన గిన్నెను చింతపండు పెట్టి తోమి, సబ్బు పెట్టి తోమి, వేడినీళ్లు పోసి బోర్లిస్తే, అత్తగారు వచ్చి దాన్ని తిరగేసి, కళ్లు మూసుకుని, ముక్కును గిన్నెలోకి దించేది. అంతసేపూ వంటింట్లో ఎవరూ మాట్లాడకూడదు. తల ఎత్తాక ఆమె నోటినుంచి వచ్చే తీర్పులు రెండే. ఒకటి "ఠీక్". రెండోది "వాసన ఉంది బేటా, మళ్ల కడుగు". రెండోదే ఎక్కువ.

"మా సాస్ అయితే గిన్నె నా నెత్తి మీద పెట్టి నిలవెడ్తుండె. నేను నిన్ను ఏమంటున్న? గిన్నె చూస్తే ఇంట్ల ఆడది ఎట్లాంటిదో తెలుస్తది" అనేది గౌసియా బేగం. ఆమె మాటలో కోపం ఉండదు. తన అత్త తనకు పెట్టిన పరీక్ష తాను ఇంకొకరికి పెడుతున్న నిదానం మాత్రమే ఉంటుంది. ఆమె కొడుకు ఆమెర్‌కు బజారులో కరెంటు సామాన్ల దుకాణం ఉంది. ఊళ్లో ఎవరి ఇంట్లో ఫ్యాను ఆగినా చెయ్యి పెట్టే మనిషి, సొంత ఇంట్లో తిన్న పళ్లెం తిన్నచోటే వదిలేసి లేచేవాడు. ఆ చెయ్యి ఎట్లా ఉందని ఏ ముక్కూ వాసన చూడలేదు.

పొద్దున వంట, డబ్బాలు, దుకాణానికి టీ ఫ్లాస్కు, అత్తగారి బీపీ గోలీ, అన్నీ అయ్యాక నజియా స్టేషన్‌కు పరుగెత్తేది. కాజీపేటలో దిగి, హన్మకొండలోని ల్యాబుకు చేరి, తెల్లకోటు తొడుక్కునేది. తొడుక్కుని, మళ్లీ కడగడం మొదలుపెట్టేది. నిజంగానే. ఆమె పరిశోధనలో సగం కడగడమే.

ఆ పరిశోధన ఎక్కడ మొదలైందో చెప్పాలంటే రేగొండ పోవాలి. నజియా తండ్రి అబ్దుల్ గనీకి అక్కడ పరుపులు కుట్టే కొట్టు ఉంది. చిన్నప్పుడు ఆ కొట్టులో కూర్చుని పత్తి ఏరుతుంటే తెల్లటి దూదిలో పసుపు మరకలు తగిలేవి. "గిది పురుగు తిన్నది, పక్కకెయ్" అనేవాడు తండ్రి. కాయలో దూరి గింజను తినే గులాబీరంగు పురుగు. దాన్ని చంపే గుణం మొక్కలోనే ఉండేటట్టు విత్తనాలు వచ్చాయి, కొన్నాళ్లు పురుగు చచ్చింది. తర్వాత చావడం మానేసింది. ఎందుకు మానేసిందన్న ప్రశ్న చిన్నప్పటి నుంచీ నజియా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎమ్మెస్సీ చదివినా, పెళ్లయినా, అది దిగలేదు.

పురుగు కడుపులోని కణానికి చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొరలో ఒక ప్రోటీన్, తలుపులాగా, సగం బయటికీ సగం లోపలికీ నిలబడి ఉంటుంది. దాన్ని రిసెప్టర్ అంటారు. పత్తిలోని విషం ఆ తలుపును పట్టుకుని, దాని ద్వారానే కణాన్ని చంపుతుంది. ఇప్పుడు చావని పురుగుల్లో కూడా ఆ తలుపు చెక్కుచెదరకుండా ఉంది. మరి మారింది ఏంటి? తలుపు వెనక నిలబడి గడియ తీసేవాళ్లు ఎవరో ఉండాలి, వాళ్లు మారి ఉండాలి అని నజియా నమ్మకం. ఆ వెనక ఉన్న ప్రోటీన్‌ను పట్టుకోవడమే ఆమె పీహెచ్‌డీ. దానికి పద్ధతి ఉంది. పురుగు కడుపు కణాలను సబ్బులాంటి ద్రవంలో కరిగించాలి. ఇసుక కన్నా సన్నటి ఇనుప పూసలకు ఆ రిసెప్టర్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీని అంటించి అందులో వేయాలి. అయస్కాంతంతో పూసలను పక్కకు లాగితే రిసెప్టర్ వస్తుంది, దాన్ని పట్టుకుని ఉన్నవి కూడా వెంట వస్తాయి. ఊరికే అంటుకున్న చెత్తను కడిగేయాలి. చివరికి మిగిలినవే దాని సావాసగాళ్లు. వాటిని జెల్ మీద పరుగెత్తిస్తే ఒక్కో ప్రోటీన్ ఒక్కో గీతగా కనపడుతుంది.

రెండేళ్లుగా నజియాకు ఒకే గీత కనపడుతోంది. రిసెప్టర్, దాని వెంట ఎవరూ లేరు. ఆమె పట్టుదలగా ఇంకా బాగా కడిగేది, ఉప్పు పెంచేది, సబ్బు పెంచేది. "నజియా కడిగితే అద్దమేనండీ" అనేవారు గైడు శేషగిరి గారు. ఆయన కోస్తా నుంచి వచ్చి హన్మకొండలో స్థిరపడిన పెద్దమనిషి. ఆ ల్యాబులో ఆమెకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. మిగతా మాటలు వేరే. "'పోయినం, వచ్చినం' అని సెమినార్లో అనకమ్మా, నవ్వుతారు. కాస్త మంచి తెలుగు రాదూ?" ఇక్కడ తెలుగు బాగాలేదంటారు, ఇంట్లో ఉర్దూ బాగాలేదంటారు. రేగొండలో వాళ్లు ఇంట్లో కూడా తెలుగే మాట్లాడేవారు. జనగామ ఇంట్లో దక్కనీ ఉర్దూ. "నువ్వు ఉర్దూ మాట్లాడ్తే ఎద్దులబండి పోయినట్లు ఉంటది" అని ఆమెర్ దోస్తుల ముందు నవ్వించేవాడు. రెండు చోట్లా ఆమె నోరే తప్పు. చేతులకు మాత్రం ఎవరూ వంక పెట్టరు, పని ఆగిపోతుంది కదా.

ఆ రోజు పూసలు కడుగుతుండగా ఫోన్ మోగింది. గౌసియా బేగం. "బేటా, మహబూబాబాద్ నుంచి మెహనాజ్ అత్తగారోళ్లు వస్తున్నరట. జర జల్దీ బండెక్కు. ఇంట్ల ఏం లేదు." మెహనాజ్ ఆమెర్ చెల్లెలు. వియ్యాలవారు వస్తున్నారంటే ఇంటి ఇజ్జత్ సంగతి. చేతిలో ఉన్న పని సగంలో పారేయలేక, నజియా తేలికపాటి ద్రవంతో రెండుసార్లు పైపైన తొలిపి, పూసలను ఫ్రిజ్‌లో పెట్టి పరుగెత్తింది. రైల్లో దారిపొడవునా తిట్టుకుంది. ఇంత చేసి చివర్లో తొలిపి వదిలేసిందే! ఇంట్లో అయితే గౌసియా బేగం ముక్కు పట్టేసేది.

మర్నాడు జెల్ మీద రెండో గీత కనిపించింది.

సన్నగా, పలుచగా, రిసెప్టర్ గీతకు కాస్త కింద. నజియా దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. శేషగిరి గారు వచ్చి కళ్లజోడు మీదినుంచి ఒక్క చూపు చూశారు.

"మురికమ్మా అది. సరిగా కడగలేదు నువ్వు."

"సార్, నిన్న జర తక్కువ కడిగినగని, గీత మాత్రం..."

"అదే అంటున్నా. ఇంటి ధ్యాసలో ఉంటే ఇలాగే అవుతుంది. పెళ్లయిన ఆడపిల్లలతో ఇదే ఇబ్బంది." ఆయన గొంతులో జాలి ఉంది, అదే ఎక్కువ మండించింది. "చూడమ్మా, వచ్చే నెల నీ సెమినారు. 'ఏమీ దొరకలేదు' అని రాసేయ్, పట్టా వస్తుంది. ఇక మీదట ఈ పని కుమార్ చూసుకుంటాడు. కుర్రాడు, ఇల్లూ వాకిలీ గొడవ లేదు."

కుమార్ అదే ల్యాబులో ఆమె తర్వాత చేరిన పరిశోధకుడు. పక్క బల్ల దగ్గర తల వంచుకుని ఏదో రాస్తున్నట్టు నటించాడు.

ఆ సాయంత్రం జనగామలో అంట్లు తోముతూ నజియా చాలాసేపు కుళాయి కట్టేయడం మరిచిపోయింది. ఏమీ దొరకలేదని రాయాలట. రాస్తే పట్టా వస్తుందట, కానీ గీతను ఎవరు వెనక్కి తెస్తారు? రేపు కుమార్ తక్కువ కడిగి అదే గీత చూస్తే అప్పుడది మురికి అవుతుందా, కుమార్ ప్రోటీన్ అవుతుందా? గిన్నెను మళ్లీ కుళాయి కింద పెట్టింది. అప్పుడే అసలు సంగతి తట్టింది. గట్టిగా పట్టుకున్నది ఎంత కడిగినా ఉంటుంది, వదులుగా పట్టుకున్నది పోతుంది. వదులుగా పట్టుకున్నంత మాత్రాన చుట్టం కాకుండా పోతుందా? గడియ తీసేవాడు గడియను కావలించుకుని కూర్చోడు కదా, అవసరానికి ముట్టుకుని వదులుతాడు. రెండేళ్లుగా తాను వెతుకుతున్నదాన్ని తన చేతులతో తానే కడిగి కాలువలో పోసింది! ఎవరు నేర్పారు ఇంత కడగడం? ల్యాబు పుస్తకం మూడుసార్లు చాలంటే, తాను ఆరేడుసార్లు కడిగింది. వెనక ఎవరో వచ్చి ముక్కు పెట్టి వాసన చూస్తారన్న భయంతో కడిగింది. ఆ భయం మెట్టినింటి వంటింట్లో నుంచి రైలెక్కి ఆమె వెంట ల్యాబు దాకా వచ్చి, తెల్లకోటు తొడుక్కుని కూర్చుంది. నజియాకు ముందు తన మీద తనకు పట్టరాని కోపం వచ్చింది. కాసేపటికి నవ్వొచ్చింది. సబ్బు చేతులతో నోరు మూసుకుని, భుజాలు అదిరేలా నవ్వింది.

"ఏమైంది?" అన్నాడు లోపలినుంచి ఆమెర్.

"ఏం లేదు. నీళ్లు ఎక్కువ పోసిన" అంది.

సార్ నోరు మూయించే దారి కూడా ఆ కుళాయి దగ్గరే దొరికింది. ఇల్లు కూల్చాక ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో ఎట్లా తెలుస్తుంది? కూల్చక ముందే, కణాలు బతికి ఉన్నప్పుడే, పక్కపక్కన ఉన్నవాటిని ముడివేసే రసాయనం ఉంది. ముందు ముడివేసి, తర్వాత కణాలను కరిగించి, ఎంత గట్టిగా అయినా కడగొచ్చు. చివర్లో ముడి విప్పి చూసుకోవచ్చు. అప్పటికీ మిగిలితే అది మురికి కాదు. అయితే దానికి బతికున్న పురుగులు కావాలి. ల్యాబులో పెంచేవి విషానికి చచ్చే రకం, ఏం మారిందో తెలియాలంటే చావని రకం కావాలి. చావని పురుగు చేనులోనే దొరుకుతుంది, అదీ జనవరి దాటితే దొరకదు, పత్తికట్టె పీకేస్తారు. రేగొండలో తండ్రి కొట్టు వెనకే, భర్త పోచయ్యతో కలిసి పత్తి చేను చేసే ఐలమ్మకు ఫోన్ చేసి, "సోమవారం వస్త అవ్వా, కట్టె పీకకుండ్రి" అని చెప్పి పెట్టింది.

ఆదివారం మహబూబాబాద్‌లో మెహనాజ్ కూతురి బిస్మిల్లా. పిల్లకు మొదటిసారి అక్షరాలు దిద్దించే పండుగ. తెల్లారకముందే లేచి నజియా బూందీ లడ్డూలు డబ్బాకెత్తింది. అందరూ విజయవాడ వైపు పోయే రైలెక్కారు. ఆమెర్ కిటికీ దగ్గర, గౌసియా బేగం పక్కన, నజియా ఒడిలో లడ్డూల డబ్బా. అక్కడికి పోయాక బగారా అన్నం, దాల్చా ఆమే చేయాలని ముందే తేలిపోయింది. "మా బహూ ఉండంగ వంటాయన ఎందుకు?" అని గౌసియా బేగం వియ్యపురాలితో ఫోన్‌లో గొప్పగా అంది. గొప్ప అత్తగారిది, పొయ్యి కోడలిది.

స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఫోన్ మోగింది.

"బిడ్డా నజియా, నేను ఐలమ్మను. రేపు ట్రాక్టర్ దొరుకదట, మీ పోచయ్య మామ ఇయ్యాల్నే పీకిపిస్తున్నడు. నేను ఆపుమంటె ఇంటలేడు. నీ పురుగులు గావాల్నంటె పొద్దుగూకక ముందే రా. మాపటికి కట్టెకు అగ్గిపెడ్తం."

నజియా ఫోన్‌ను డబ్బా మీద పెట్టింది. ఒడిలో డబ్బా బరువుగా ఉంది. రైలు పరుగెడుతోంది, కాజీపేట దగ్గరపడుతోంది. పోకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అందరూ అదే అంటారు. పట్టా వస్తుంది, పేరు ముందు డాక్టర్ వస్తుంది, ఆమెర్ దుకాణంలో చెప్పుకుంటాడు. ఆ గీత మురికిగానే మిగిలిపోతుంది. వచ్చే ఏడు పత్తి పూసేసరికి అది కుమార్ బల్ల మీద ఉంటుంది. ఇన్నేళ్లు ఈ రైల్లో నిలబడి చేసిన ప్రయాణాలన్నీ బగారా అన్నంలో కలిసిపోతాయి. నజియా డబ్బా ఎత్తి ఆమెర్ ఒడిలో పెట్టింది.

"నేను కాజీపేటల దిగుతున్న. రేగొండ పోవాలె."

"ఏమైంది? మీ అబ్బాకు బాగలేదా?" ఆమెర్ కంగారుపడ్డాడు.

"బాగనే ఉన్నడు. పురుగుల కోసం."

ఆమెర్ చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. "పురుగుల కోసమా? నా చెల్లె బిడ్డ బిస్మిల్లా ఇడ్శిపెట్టి పురుగులు ఏరుకుంటవా? పిచ్చి లేసిందా? నలుగురు అడిగితే ఏం జెప్పాలె?"

"పురుగులు ఏరబోయిందని చెప్పండి. నిజమే గద."

"వంట ఎవలు చేస్తరు?" అంది గౌసియా బేగం. ఆమె ముఖంలో కోపం కాదు, నిజమైన భయం కనిపించింది. వియ్యపురాలికి ఇచ్చిన మాట అది.

"ఆడ మస్తు మంది ఉన్నరు అమ్మీ. మగోళ్లు గూడ ఉన్నరు" అని నజియా లేచింది. తన గొంతు అంత నెమ్మదిగా ఉండటం ఆమెకే ఆశ్చర్యమనిపించింది. ప్లాట్‌ఫాం మీద దిగి వెనక్కి చూడలేదు. చూస్తే ఎక్కేస్తానేమో అని భయం వేసింది. బస్టాండుకు పోయే ఆటోలో కూర్చుని మెహనాజ్‌కు ఫోన్ చేసి, ఏడుపు ఆపుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పింది.

అటువైపు పిల్లల అల్లరి వినిపిస్తోంది. దాని మధ్యలోనే మెహనాజ్ అంది, "పో భాభీ. నా బిడ్డకు అక్షరాలు దిద్దిచ్చిన దినం, దాని మామి చదువు ఆపినం అని చెప్పుకోవాల్నా నేను? వంట నేను చూస్కుంట. మా ఆయనతోని ఉల్లిగడ్డలు కోయిస్త. అమ్మీకి నేను జెప్త, నువ్వు పో."

పరకాల మీదుగా రేగొండ చేరేసరికి చేనులో ట్రాక్టర్ సగం దూరం వచ్చేసింది. ఐలమ్మ గట్టు మీద నిలబడి చేయి ఊపుతోంది. నజియా తండ్రి కొట్టులోకి పరుగెత్తి, కొత్త దిండు గలేబులు ఉన్నన్ని పట్టుకుని, పండక్కి కట్టుకున్న చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని చేనులో దిగింది. మూసుకుపోయిన ఎండుకాయలు, లోపల పురుగు ఉన్నవి, చేతికి తగిలినవి తగిలినట్టు గలేబుల్లో వేసుకుంది. కాయ ముళ్లు వేళ్లను గీరుతున్నా ఆగలేదు. ట్రాక్టర్ చప్పుడు వెనకనుంచి దగ్గరవుతోంది.

"పురుగు పాడుగాను, నా పంటంత తిన్నది. దాన్ని దిండ్లల్ల పెట్టి తీస్కపోతున్నవా బిడ్డా? పండవెట్టి జోలపాట పాడ్తవా?" అంది ఐలమ్మ, తాను కూడా వంగి కాయలు తెంపుతూ.

"పాడ్త అవ్వా. పాడి, దాని కడుపుల ఉన్న మాట చెప్పిచ్చుకుంట."

"చెప్తదా?"

"చెప్పకుంటె ఇడ్శిపెట్ట" అంది నజియా. అన్నాక తన మాట విని తనకే ఒళ్లు పులకరించింది. ఎన్నాళ్లయింది ఇట్లా గట్టిగా, ఎవరూ నవ్వుతారేమో అని చూసుకోకుండా మాట్లాడి!

మర్నాడు ల్యాబులో పురుగులను కోసి, సన్నటి కడుపు గొట్టాలను తీసి, ముడివేసే రసాయనంలో నానబెట్టింది. తర్వాత కణాలను కరిగించి రెండు గొట్టాల్లో పోసింది. మొదటిదానిలో రిసెప్టర్‌ను పట్టుకునే పూసలు. రెండోదానిలో దానితో సంబంధం లేని వేరే యాంటీబాడీ పూసలు. మురికే అయితే రెండింటికీ అంటుకుంటుంది, మురికికి తన పర భేదం ఉండదు. పూసలు పట్టుకోవలసినంత పట్టుకున్నాక, రెండు గొట్టాలూ ఐసులో పెట్టుకుని శేషగిరి గారి గదిలోకి నడిచింది.

"సార్, ఈసారి మీరే కడగండి."

"నేనా?" అన్నారాయన. ఆయన పూసలు ముట్టుకుని ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు.

"నేను సరిగ కడుగలేదంటరు గద సార్. మీకు మనసుకు పట్టేదాక కడగండి. సబ్బు ఎక్కువ ఏస్కోండి, ఉప్పు ఎక్కువ ఏస్కోండి. నేను చెయ్యి గూడ పెట్ట."

ఆయన నవ్వారు. కాదంటే బాగుండదని లేచారు. స్వెటర్ తొడుక్కుని, మఫ్లర్ చుట్టుకుని కోల్డ్ రూమ్‌లోకి వెళ్లారు. చాలాసేపటికి బయటికి వచ్చారు. వేళ్లు ఎర్రబడ్డాయి, మెడ పట్టేసినట్టు పక్కకు వంచి రుద్దుకుంటున్నారు. "అబ్బా, నడుము పోయిందమ్మా. ఏం చలి! ఏం పని!" అన్నారు.

"రోజూ గిట్లనే ఉంటది సార్" అంది నజియా.

ముడి విప్పి, జెల్ పరుగెత్తించి, రంగు వేసి, నీళ్లలో ఉంచారు. కుమార్ కూడా తన పని వదిలి వచ్చి నిలబడ్డాడు. రంగు మెల్లగా దిగిపోతోంది. రెండో గొట్టం వరుసలో ఏమీ లేదు, ఖాళీ. మొదటి వరుసలో పైన రిసెప్టర్ గీత. దాని కింద ఇంకో గీత. ఈసారి సన్నగా కాదు, కాటుక పెట్టినట్టు నల్లగా, ఎవరు కడిగినా పోనంటూ నిలబడి ఉంది.

శేషగిరి గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. వంగి చూశారు. ఎన్ని సాకులు వెతికారో ఆ కాసేపట్లో, నజియాకు ఆయన కళ్లలోనే కనిపించింది. "ఇంకోసారి చెయ్యమ్మా" అన్నారు చివరికి.

"చేస్త సార్. కడిగేటందుకు మీరు వస్తరు గద?"

కుమార్ కిసుక్కున నవ్వి, దగ్గినట్టు చేశాడు. ఇంకోసారి కూడా అదే గీత వచ్చింది, ఆ తర్వాత కూడా. ఆ ముక్కను కోసి హైదరాబాద్ పంపిస్తే, అది ఏ ప్రోటీనో తెలిసింది. ఆ తలుపు వెనక అది ఉంటుందని ఎవరూ అప్పటిదాకా రాయలేదు. చావని పురుగుల్లో అది ఆకారం మారిపోయి ఉంది. నజియా ఆ కాగితం పట్టుకుని ల్యాబు వెనక మెట్ల మీద కూర్చుని, తండ్రికి ఫోన్ చేసి, ఊరికే ఏడ్చింది. ఆ ఏడుపంతా సంతోషమే. "పురుగు దొరికిందా బిడ్డా?" అన్నాడు అబ్దుల్ గనీ. "దొరికింది నాయినా, దొంగ దొరికిండు" అంది.

సెమినారు రోజు హాలు నిండింది. మెహనాజ్ నచ్చచెప్పగా ఆమెర్ కూడా దుకాణం మూసి వచ్చి, వెనక వరుసలో ఎవరినీ ముట్టుకోకుండా కూర్చున్నాడు. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకురాలు నెరిసిన జుట్టు పెద్దావిడ. అంతా విని, కలం కింద పెట్టి తెలుగులో అడిగింది. "ఇదే పురుగు మీద ఎంతోమంది ఎన్నేళ్లుగానో పనిచేశారు కదమ్మా. ఇది ఎవరికీ ఎందుకు కనపడలేదు?"

నజియా దగ్గర ఇంగ్లిషులో పెద్ద జవాబు సిద్ధంగా ఉంది. శేషగిరి గారే దిద్ది ఇచ్చారు. కానీ నోటికి అది రాలేదు.

"మరీ శుభ్రంగ కడిగినం మేడమ్" అంది.

కాగితాలు పక్కన పెట్టింది. "వదులుగ పట్టుకున్నదాన్ని మురికి అనుకున్నం. కడిగినకొద్ది పనిమంతులమని మురిసిపోయినం. అది లేకుంటె ఆ తలుపు తెరుచుకోదని ఎవలం చూడలె. రెండేండ్లు నేను గూడ గదే తప్పు చేసిన." పరీక్షకురాలు ముందు నవ్వింది, తర్వాత చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు వరుస వరుసకూ పాకాయి. 'కడిగినం' అన్నందుకు ఎవరూ నవ్వలేదు. శేషగిరి గారు లేచి మైకు అందుకుని, "ఆ చివరిసారి మాత్రం స్వయంగా నేనే కడిగానండీ" అన్నారు. టీల దగ్గర కూడా అదే చెప్పారు. ఆ తర్వాత నెలల తరబడి ఎవరు కలిసినా చెప్పుకున్నారు. నజియా కడిగిన రెండేళ్లు ఎవరికీ జ్ఞాపకం రాలేదు. అయినా ఆమెకు ఆ రోజు బాధ కలగలేదు. గీత ఆమెది, ఆ సంగతి హాలంతటికీ తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం ఇంట్లో మెహనాజ్ పంపిన మిఠాయి, ఆమెర్ తెచ్చిన చేపలు. "మా ఇంటామె పురుగుల డాక్టర్" అని బజారంతా చెప్పుకుని వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. పండుగలాగే తిన్నారు. తిన్నాక నజియా తోమి బోర్లించిన చేపల గిన్నెను గౌసియా బేగం అలవాటుగా తిరగేసింది, కళ్లు మూసుకుని ముక్కు దించింది.

"వాసన ఉంది బేటా, మళ్ల కడుగు."

నజియా చేతులు కొంగుకు తుడుచుకుంది. గిన్నెను తీసుకుని ముందుగదిలోకి పోయి, ఫోన్ చూసుకుంటున్న ఆమెర్ ముందు పెట్టింది.

"మీరు కడగండి."

"నేనా?"

"మా సార్ గూడ గిట్లనే అడిగిండు. కడిగినంక ఊరంత చెప్పుకున్నడు. మీరు గూడ చెప్పుకోండి."

ఆమెర్ నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక తల్లి వైపు చూశాడు. అతను గిన్నె పట్టుకుని లేచాడు. వంటింట్లో కుళాయి ధారగా పడింది, సబ్బు జారి పడింది, గిన్నె గోడకు తగిలింది. అంగీ ముందుభాగమంతా తడుపుకుని వచ్చి, బడిపిల్లాడు పలక చూపించినట్టు గిన్నెను తల్లి ముందు పట్టాడు. గౌసియా బేగం దాన్ని ఎంతో ప్రేమగా అందుకుంది. కళ్లు మూసుకోకుండానే, ముక్కు దగ్గరికి తెచ్చీ తేకముందే, "మాషా అల్లా! ఎంత సాఫ్ కడిగిండు నా కొడుకు" అంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ నజియా దాకా చేపల వాసన గుప్పుమని వస్తోంది.

"మీ ముక్కుకు నచ్చింది గద అమ్మీ," అంది నజియా నవ్వుతూ, "ఇగ రేపటి సంది గిన్నెలు మీ కొడుకే కడుగుతడు."